దొరసాని కొలతకు కుట్టిన కంచె

శనివారం పొద్దున్న ఆరింటికి లేచేసరికే టైలరమ్మ దగ్గర ఒక పక్కా పథకం ఉంది. ఎనిమిదింటికి కంచె సామాను వస్తుంది. పన్నెండింటికి కట్టడం అయిపోతుంది. ఒంటిగంటకు భోజనం. రెండింటి నుంచి నాలుగింటి దాకా చేతులు కట్టుకుని కూర్చుని దొరసాని కోసం ఎదురుచూడడం. ఈ చివరి రెండు గంటలూ ఆమె ప్రత్యేకంగా ఇష్టపడి పెట్టుకున్నవి. ఇరవై ఏళ్ళుగా కుట్టు మిషను తొక్కుతున్న మనిషికి చేతులు కట్టుకుని కూర్చునే యోగం ఎప్పుడో గాని పట్టదు.

దొరసాని ఒక గుర్రం. గుర్రపు స్వారీ నేర్పే బడిలో రెండు తరాల పిల్లల్ని వీపు మీద మోసిన తెల్లటి ముసలి ఆడగుర్రం. ఆ బడికి జీను కింద పరిచే గుడ్డలూ, స్వారీ ప్యాంట్లూ కుట్టేది టైలరమ్మే. కొలతలకు వెళ్ళినప్పుడల్లా దొరసాని వచ్చి ఆమె భుజం మీద గడ్డం ఆనించి, మెడలో వేలాడే కొలత టేపును తీరిగ్గా నమిలేది. ఇప్పటికి తొమ్మిది టేపులు దాని కడుపులో ఉన్నాయి. ఇప్పుడు ఆ బడి మూసేస్తున్నారు. మిగతా గుర్రాలన్నిటికీ చోటు దొరికింది. దొరసానిని మాత్రం ఇద్దరే అడిగారు. ఒకరు టైలరమ్మ. రెండోవాడు ఇటుకల బట్టీ యజమాని. అతనికి బండి లాగడానికి ఏదో ఒక జంతువు కావాలి. దాని వయసెంత అని కూడా అతను అడగలేదు.

బడి నడిపే మేడమ్ తేల్చి చెప్పేసింది.

"మీ దుకాణం వెనక గడ్డి బాగుంది, నీళ్ళున్నాయి, కొట్టం ఉంది. కంచె ఒక్కటే లేదు. శనివారం నాలుగింటికి గుర్రాన్ని లారీలో ఎక్కించుకునే వస్తాను. కంచె నాకు నచ్చితే దించుతాను. నచ్చకపోతే ఆ లారీ అటునుంచటే బట్టీకి పోతుంది. ఆదివారానికి నేను బడి స్థలం ఖాళీ చేసి ఇవ్వాలమ్మా. నన్ను బతిమాలి లాభం లేదు."

టైలరమ్మ బతిమాలలేదు. కంచెల చదువు మొదలుపెట్టింది. నాలుగు వైపులా చెక్క పలకలు కొట్టించాలంటే వడ్రంగి చెప్పిన ధరకు దుకాణం, మిషను, మిషను ముందు స్టూలు అన్నీ అమ్ముకోవాలి. అందుకని బళ్ళు తిరిగే వీధి వైపు మాత్రం గుంజకీ గుంజకీ మధ్య ఒక గడి చొప్పున ఐదు గళ్ళు పలకలు కొట్టి, మిగతా మూడు వైపులా గుంజల మీద రెండు వరుసల కరెంటు పట్టీ లాగాలని తేల్చుకుంది. నాలుగు వేళ్ళ వెడల్పుండే తెల్ల పట్టీ అది. బ్యాటరీ పెట్టెకు తగిలిస్తే, ముక్కు ఆనించిన గుర్రానికి ఒక్క చురుకు. గాయం కాదు, బుద్ధి వస్తుంది. దూరానికి కనబడుతుంది. గుర్రం బెదిరి మీద పడ్డా పట్టీ తెగుతుందే గాని గుర్రం కోసుకుపోదు.

గుంజలు పాతడం, పలకలు కొట్టడం వారం రోజుల్లో భర్త చేత చేయించేసింది. భర్త సిటీ బస్సు కండక్టరు. ఈ పనికని సెలవు పెట్టాడు. పెట్టాడనడం కంటే పెట్టించబడ్డాడు అంటే బాగుంటుంది. పట్టీ తెచ్చే బాధ్యత మాత్రం హార్డ్‌వేర్ కొట్టున్న తమ్ముడిది.

పథకానికి మొదటి చిల్లు అక్కడ పడింది.

ఎనిమిదింటికి సరిగ్గా ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. తమ్ముడు దిగి, వెనక తలుపు తీసి, పెళ్ళికానుక చూపించినట్టు చెయ్యి చాచాడు. లోపల ఆరు చుట్టల ముళ్ళ తీగ.

"ఇదేమిట్రా?"

"ముళ్ళ తీగ. ఊరికే ఇచ్చేస్తున్నానక్కా. డబ్బు మాటెత్తావంటే నా మీదొట్టే."

"నేను చెప్పింది పట్టీ కదరా!"

"రిబ్బను కట్టి గుర్రాన్ని ఆపుతానన్నావు. అది విన్నాక నాకు రాత్రంతా నిద్ర లేదు. అక్క చేతిలో పైకం ఆడడం లేదు, నోరు విప్పి చెప్పుకోలేక రిబ్బనంటోంది అని మీ మరదలు కూడా కళ్ళనీళ్ళు పెట్టుకుంది."

టైలరమ్మ దుకాణంలోకి వెళ్ళి శాటిన్ గుడ్డ ముక్క ఒకటి తెచ్చి, ముళ్ళ తీగ మీద సర్రున లాగింది. గుడ్డ మూడు పేలికలైంది.

"ఇదీ గుర్రం చర్మం. గేదెకైతే ముల్లు తగలగానే ఆగి ఆలోచిస్తుంది. గుర్రం అలా కాదు. బెదిరిందంటే ముందు పరుగెత్తుతుంది, తర్వాత ఆలోచిస్తుంది."

"మీ అక్క కూడా అంతేరా," అన్నాడు కండక్టరు గుమ్మంలో పళ్ళు తోముకుంటూ. "నేను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను."

"మిమ్మల్నెవరూ అడగలేదు. ఒరే, ఇవి వెనక్కి పట్టుకుపో. పట్టీ పట్టుకురా."

తమ్ముడు మొహం ముడుచుకుని వెళ్ళాడు. తొమ్మిదిన్నరకు తిరిగొచ్చాడు. ఈసారి ఆటోలో ఇనుప వల చుట్టలున్నాయి. వల కన్నాలు ఒక్కోటి పిడికిలంత.

"ముళ్ళు లేవు. తడిమి చూసుకో. దీన్ని దాటి ఏనుగు కూడా రాదు."

"నాకు ఏనుగు రావడం లేదురా. ఏమండీ, ఇలా రండి. గుర్రంలా ఒకసారి కాలు విసరండి."

"ముందు కాలా, వెనక కాలా?"

"ఏదో ఒకటి!"

కండక్టరు పంచె ఎగ్గట్టి, తనకు తెలిసినంతలో గుర్రంలాగే కాలు విసిరాడు. బూటు ముందు భాగం కన్నంలోంచి దూసుకుపోయి చీలమండ దగ్గర బిగుసుకుంది. వెనక్కి లాగితే మడమ పట్టింది. ముందుకు తోస్తే వేళ్ళు పట్టాయి.

"చూశావా? గిట్ట అయితే ఏమయ్యేదో?" అంది టైలరమ్మ తమ్ముడితో, పాఠం చెప్పే పంతులమ్మలా.

"గిట్ట సంగతి తర్వాత, ముందు నా కాలు!" అన్నాడు కండక్టరు ఒంటికాలి మీద గెంతుతూ.

"కట్టరు పెట్టనా?" అంది.

"అక్కా, వల పాడైతే టోకు కొట్టువాళ్ళు వెనక్కి తీసుకోరు," అన్నాడు తమ్ముడు.

"నా కాలు పాడైతే తీసుకుంటారా బావమరిదీ?"

పావుగంట లాగితే కాలు వచ్చింది. బూటు రాలేదు. అది వలతో పాటే ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

మూడోసారి తమ్ముడు వచ్చేసరికి పదకొండున్నర. ఈసారి ఆటో ముందు ఆగలేదు, అతనే నడుచుకుంటూ చంకలో గోనెసంచితో వచ్చాడు. తల ఎత్తలేదు.

"పట్టీయే తెచ్చానక్కా. కానీ ముక్కలు. ఎవరో పశువుల దొడ్డి ఎత్తేస్తే కొన్నాను. ఏడు ముక్కలు. కొత్త చుట్ట మంగళవారం గాని రాదు. సొంత అక్కకి ముక్కలు అంటగట్టాడని నలుగురూ అంటారని తీగ తెచ్చాను, వల తెచ్చాను..."

"అదా నీ బాధ!" టైలరమ్మ సంచి లాక్కుంది. "ఒరే వెర్రిమొహమా, ముక్కలు కలిపే కదరా నేను ఇన్నేళ్ళుగా పొట్ట పోసుకుంటున్నది! మంగళవారం ఎవడిక్కావాలి? సాయంత్రం నాలుగింటికి కంచె నిలబడుతుంది, అంతే."

మిషను ముందు కూర్చుంది. ఆ మనిషి మిషను ముందు కూర్చుంటే ఇంట్లో ఫ్యాను కూడా చప్పుడు తగ్గించి తిరుగుతుందని కండక్టరు అంటుంటాడు. ముక్కల చివర్లు లోపలికి మడిచింది. ఒకదాని మీద ఒకటి వేసి రెండు వరుసల కుట్టు వేసింది. నాలుగు సూదులు విరిగాయి. ఐదోది వేసింది. ప్రతి ముక్క చివరా మెరిసే పోగులేవో బయటికి పొడుచుకొచ్చి వేలాడుతున్నాయి. పోగులు వేలాడే కుట్టు ఆమె దుకాణం గడప దాటిన చరిత్ర లేదు. ఒక్కొక్కటే పట్టుకుని మొదట్లోకి కత్తిరించి, పేలికల డబ్బాలో పడేసింది. ఒంటిగంటకు ఏడు ముక్కలూ ఒకే పొడవాటి పట్టీ అయ్యాయి. ఎక్కడ అతుకో చూపించమంటే చూపించలేనంత శుభ్రంగా కుదిరింది.

భోజనం మాట ఎవరూ ఎత్తలేదు. మూడు వైపులా గుంజల కొక్కేలకు పట్టీ బిగించి, చివరి నుంచి వెనక్కి తిప్పి రెండో వరుస లాగారు. బ్యాటరీ పెట్టెను కంచెకు బయట, దుకాణం వెనక గోడకు తగిలించి తమ్ముడు మీట నొక్కాడు. పెట్టె టిక్కు, టిక్కు మంది.

"ఎవరు ముట్టుకుంటారు?" అన్నాడు తమ్ముడు.

ఇద్దరూ కండక్టరు వైపు చూశారు. ఒక కాలికి బూటుంది. రెండో కాలు తడి గడ్డి మీద ఉత్తగా ఉంది.

"ఎందుకూ, నేనేనా?"

"గుర్రం మీరేగా పొద్దుట్నుంచీ," అంది టైలరమ్మ.

కండక్టరు వేలు ఆనించాడు. "హోల్డాన్!" అని కేకేసి జానెడు ఎత్తు ఎగిరాడు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నోటికి అలవాటైన మాట అదొక్కటే మరి. టైలరమ్మ మొహం వెలిగిపోయింది. రెండో ముక్క ముట్టుకోమంది. ఆయన కళ్ళు మూసుకుని ముట్టుకున్నాడు. కళ్ళు తెరిచాడు. చెయ్యి మొత్తం ఆనించాడు. మూడో ముక్క మీద మోచెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇక్కడ ఎంత హాయిగా ఉందో! ఈ కంచె చాలా మంచిది."

టైలరమ్మ మొహంలో దీపం ఆరిపోయింది. తమ్ముడు మొదటి అతుకు దగ్గర వంగి, కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"అక్కా, చివర్లలో మెరిసే పోగులుండాలి. ఏవీ?"

"కత్తిరించేశాను. వేలాడుతుంటే అసహ్యంగా లేదూ?"

"కత్తిరించేశావా!"

"కత్తిరించి, మిగతాది లోపలికి మడిచి కుట్టాను."

"అవి పోగులు కాదక్కా, తీగలు. కరెంటు వెళ్ళేది వాటిల్లోనే. మిగతాదంతా ఉత్త ప్లాస్టిక్ నేత. నువ్వు అతుకు అతుకుకీ కరెంటు పీక పిసికేశావు."

రెండయింది. చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన టైము. టైలరమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని ఆరు అతుకుల వైపూ ఒకసారి చూసింది. అంత చక్కటి కుట్టు ఆమె ఈ ఏడాదిలో వేయలేదు. తర్వాత గబగబా దుకాణంలోకి నడిచి, కుట్లు విప్పే కొక్కెమూ, ఒక రేకు పెట్టె పట్టుకొచ్చింది. పెట్టె నిండా స్వారీ ప్యాంట్ల నడుముకు వేసే బకిళ్ళు. ఇత్తడివి. బడి మూసేస్తున్నారని తెలియక క్రితం నెలే తెప్పించింది.

"ఇత్తడిలో కరెంటు పోతుందా?"

"పోక?"

"అయితే విప్పండి కుట్లు. మడతల దాకా కత్తిరించి, ఈ చివరా ఆ చివరా ఒకే బకిల్లోంచి దూర్చి బిగించేద్దాం. తీగలు రెండు వైపుల నుంచీ ఇత్తడికి ఒరుసుకోవాలి."

తమ్ముడు తల గోక్కున్నాడు. "పట్టీ కలపడానికి బజార్లో అమ్మేది కూడా అచ్చం ఇలాంటి బకిలే అక్కా. నా కొట్లో కూడా ఉన్నాయి."

"మరి పొద్దున్నే చెప్పలేదేంరా?"

"నువ్వు మిషను మీద కూర్చున్నాక నోరెత్తే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికుంది?"

కండక్టరు ఆ మాటకు గట్టిగా తలూపాడు.

ఆరు అతుకులకు ఆరు బకిళ్ళు. ఒక్కో బకిలు బిగించగానే మీట నొక్కడం, ఒక్కో "హోల్డాన్". నాలుగో అతుకు దగ్గరికొచ్చేసరికి కండక్టరు ముట్టుకోకముందే కేకెయ్యడం మొదలుపెట్టాడు. ఆరోది అయ్యేసరికి మూడూ నలభై. మీట ఆపేసి, ముగ్గురూ మొహాలు కడుక్కుంటుండగా వీధిలో లారీ హారను మోగింది. పది నిమిషాలు ముందే.

మేడమ్ దిగింది. మోకాలి నొప్పికి చేతికర్ర, చంకలో తనిఖీ కాగితం. లారీలో గాలాడదని వెనక తలుపు దించి, ఏటవాలు పలక వేయించింది. దొరసాని లోపల నిలబడి, పలకల అవతలి గడ్డి వైపు ముక్కు సాచింది. టైలరమ్మ దాని మొహం చూడకుండా తల తిప్పుకుంది.

మేడమ్ మూడు వైపులా తిరిగి వచ్చింది. పట్టీ ఎత్తు కర్రతో కొలిచింది. బకిళ్ళు వంగి చూసింది. "ముళ్ళ తీగ లేదు, వల లేదు, పట్టీ దూరానికే కనబడుతోంది. బాగుంది," అంటూ వీధి వైపుకొచ్చి ఆగిపోయింది.

"ఈ పలకలు గుంజలకు బయటి వైపు కొట్టారేమిటి?"

"మంచి వైపు బయటికి కనబడాలి కదండీ," అంది టైలరమ్మ గర్వంగా. "కుట్టు లోపలికి, అందం బయటికి."

"గుర్రం ఉండేది లోపల కదమ్మా! వీపు గోక్కోడానికి పలకకు ఆనుకుంటుంది. మేకులూడి పలక వీధిలో పడుతుంది. పలక వెనకాల గుర్రం పడుతుంది. ఆ గుర్రం మీదికి బస్సొస్తుంది."

"ఆ రూటు నాదేనండీ," అన్నాడు కండక్టరు, ఏదో ఒకటి అనాలని. "అయినా మేకులు నేను దిగ్గొట్టినవి. ఊడవు. చూడండి."

పట్టీ కింద నుంచి దూరి లోపలికి వెళ్ళాడు. మూడో గడి దగ్గర పలకలకు వీపు ఆనించి, గుర్రం గోక్కున్నట్టే అటూ ఇటూ ఒరుసుకున్నాడు. కిర్రుమంది. పై పలక ఊడింది. పట్టుకోబోయి రెండోదాన్ని, దాన్ని ఆపబోయి మూడోదాన్ని తీసుకుని, కండక్టరు వెల్లకిలా వీధిలో పడ్డాడు. ఆ చప్పుడుకు దొరసాని తాడు విదిలించుకుంది. బెదరలేదు. నెమ్మదిగా ఏటవాలు పలక దిగి, కండక్టరును దాటి, నాలుగో పలకను దాటి, గడ్డిలోకి వెళ్ళి, నాలుగు కాళ్ళూ ఆకాశంలోకి ఎత్తి దొర్లింది.

"నేను దించలేదు," అంది మేడమ్.

"మేమూ దించలేదండీ," అంది టైలరమ్మ వెంటనే.

"నేను సంతకమూ పెట్టలేదు. బట్టీ ఆరింటి దాకా తెరిచి ఉంటుంది. ఐదున్నరకల్లా పలకలన్నీ లోపలి వైపుకు రావాలి. లేదా ఈ గుర్రం లారీ ఎక్కాలి." డ్రైవరును డీజిలు కొట్టించుకుని ఐదున్నరకు రమ్మని పంపేసింది. "ముందు ఆ కరెంటు పెట్టె వెయ్యండి. కొత్త చోట్లో గుర్రం మొదటి పది నిమిషాల్లోనే కంచెను పరీక్షిస్తుంది. అదీ నేను చూడాలి."

తమ్ముడు పరుగున వెళ్ళి మీట నొక్కొచ్చాడు. నలుగురూ పలకలు ఊడిన సందులోంచి లోపలికి వెళ్ళారు. టైలరమ్మ గుండుసూదుల్లా మేకులు పెదాల మధ్య పట్టుకుంది. తమ్ముడు చేతులు బయటికి చాచి పలకలు ఊడబెరికి లోపలికి అందిస్తుంటే, కండక్టరు ఎత్తి పట్టుకుంటుంటే, ఆవిడ సుత్తి ఎత్తింది. ఒక గడి. రెండు. అరచేతులు బొబ్బలెక్కాయి. "కాసేపు నేను కొడతానే," అని భర్త అంటే మేకుల మధ్య నుంచి "ఊఁహూఁ" అంది. ఈలోగా దొరసాని వెళ్ళి పట్టీకి ముక్కు ఆనించింది. గుర్రుమని వెనక్కి దూకి, తోక ఎత్తి, కండక్టరు వైపు చూసింది. కండక్టరు సానుభూతిగా తలూపాడు. ఆ తర్వాత అది పట్టీకి రెండు బారల దూరంలోనే మేసింది.

ఐదూ ఇరవై ఐదుకు ఆఖరి గడిలో ఆఖరి మేకు దిగింది. మేడమ్ కర్రతో కొట్టింది. భుజంతో తోసింది. పలక కదల్లేదు. "ఊఁ" అంది. ఆ "ఊఁ"కి టైలరమ్మ సుత్తి కింద పెట్టింది.

"సరే, లారీ వస్తుంది. నేను బయటికెళ్తాను. ఇంతకీ గేటెటు?"

ముగ్గురూ నాలుగు వైపులా చూశారు. దుకాణం గోడ మీద పెట్టె టిక్కు టిక్కుమంటోంది.

పది రోజులు టైలరమ్మ గుంజల లోతు ఆలోచించింది, పలకల మందం ఆలోచించింది, పట్టీ ఎత్తు ఆలోచించింది. ఇరవై ఏళ్ళ వృత్తిలో మొదటిసారి మెడ కత్తిరించకుండా జాకెట్టు కుట్టేసింది.

"పట్టీ కింద నుంచి దూరుతున్నాం కదా, గేటు గుర్తే రాలేదు," అని గొణిగాడు కండక్టరు.

"నేను పలకలెక్కి దూకి మీట ఆపొస్తానుండండి," అని తమ్ముడు బొజ్జ సవరించుకున్నాడు.

"ఎవరూ కదలొద్దు!" మేడమ్ కర్ర ఎత్తింది. "తనిఖీ ఇంకా అవలేదు."

"మేడమ్, తప్పు నాదే," అంది టైలరమ్మ. తల మాత్రం దించలేదు. "గేటు మర్చిపోయాను. రేపు పొద్దున్నే పెట్టిస్తాను. దీనికి మీరు నన్నేమన్నా అనండి. దాన్ని మాత్రం..."

మేడమ్ వినడం లేదు. పలకల మధ్య చెయ్యి దూర్చింది. మోచేతి దగ్గర ఆగిపోయింది. పలక మీద కాలు వేసింది, మోకాలు ఒప్పుకోలేదు. ఐదు గళ్ళూ వరసగా భుజంతో తోసింది. చివరికి పట్టీ దగ్గరికెళ్ళి రెండు వరుసల మధ్య నుంచి వంగి దూరబోయింది. నడుము పైకి లేచి పై వరుసకు తగిలింది. చేతికర్ర ఒక వైపు, కళ్ళజోడు ఇంకో వైపు ఎగిరిపడ్డాయి. ఎంతో హుందాగా ఉండే ఆ మనిషి నోట్లోంచి వచ్చిన మాట విని దొరసాని కూడా మేత ఆపింది.

టైలరమ్మ కళ్ళు మూసుకుంది. అయిపోయిందనుకుంది.

కళ్ళు తెరిచేసరికి మేడమ్ గడ్డిలో చతికిలబడి, చెదిరిన జుట్టుతో కాగితం మీద ఏదో రాస్తోంది.

"ఏం రాస్తున్నారండీ?"

"'లోపల ఉన్నది బయటికి రాలేదు. స్వయంగా పరీక్షించాను.'" కింద సంతకం పెట్టి కాగితం ఆమె చేతికిచ్చింది. "గుర్రం మీదే. సోమవారానికి గేటు పెట్టించండి, వచ్చి చూస్తాను. లోపలికి మాత్రం రాను."

పలకలెక్కి దూకడం తమ్ముడి బొజ్జ వల్లా, కండక్టరు ఒంటి బూటు వల్లా కాలేదు. లారీ డ్రైవరు దారిలో టీ తాగి, ఆరుంబావుకు వచ్చి మీట ఆపాడు. అప్పటిదాకా ఆ కంచెలో ఉన్న ఐదు ప్రాణాల్లో గేటు గురించి బెంగపడనిది దొరసాని ఒక్కతే.